మాత్ర మింగించడం వేరు, మనిషి కోలుకోవడం వేరు

మానసిక వైద్యంలో ఒత్తిడి, బలవంతం, కోలుకోవడం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దళితవాడల కోసం ఒక వివరణ

"మా పిల్లోడు మాత్ర మింగడం ల్యాదు. తెలీకుండా అన్నంలో కలిపి పెడితే తప్పా?"

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు వాడల్లో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటానికి కూర్చుంటే మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేది ఎక్కువగా తల్లే. ఆమెలో కొడుకు మీద ద్వేషమేమీ లేదు, అలసట ఉంది. కూలి మానుకుని ఆసుపత్రికి తిరిగింది, అప్పు చేసింది, రాత్రిళ్లు నిద్ర లేకుండా కాపలా కాసింది. ఆమె ప్రశ్నకు "తప్పు" అనో "తప్పు కాదు" అనో ఒక్క ముక్కలో చెప్పేసి లేచిపోవడం మాకు చేతకాలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. వైద్యం తీసుకోమని చేసే ఒత్తిడి ఎన్ని రకాలు, దానికీ కోలుకోవడానికీ సంబంధం ఏమిటి, చట్టం ఏం చెబుతోంది, ఇందులో కులం ఎక్కడ దూరుతుంది అనే విషయాలను ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది.

ముందే ఒక మాట. మందులు వద్దని మేం చెప్పడం లేదు. తీవ్రమైన మానసిక జబ్బుల్లో మందులు ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టాయి. మందులను డాక్టర్‌తో మాట్లాడకుండా ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. మా ప్రశ్న మందు గురించి కాదు, దాన్ని ఎవరు, ఎలా, ఏ అధికారంతో ఇప్పిస్తున్నారన్నదాని గురించి.

ఒత్తిడి అంటే ఏమిటి?

బలవంతం అనగానే కాళ్లు చేతులు కట్టేసి వ్యాన్‌లో ఎక్కించడమే గుర్తొస్తుంది. అది చివరి మెట్టు. దానికి ముందు చాలా మెట్లు ఉన్నాయి. జార్జ్ జ్ముక్లర్, పాల్ యాపెల్‌బామ్ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు 2008లో వీటిని వరుసగా పేర్చి చూపించారు. మన ఇళ్ల భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

మొదటిది నచ్చజెప్పడం. "ఈ మాత్రతో నిద్ర పడుతుంది, నెల రోజులు చూడు" అనడం. ఇందులో అవతలి మనిషికి కాదనే వీలుంది.

రెండోది బంధాన్ని అడ్డుపెట్టడం. "నేను చచ్చినంత ఒట్టు, మింగు" అనడం. కాదంటే ప్రేమ పోతుందన్న భయం ఇందులో ఉంటుంది.

మూడోది ఆశ చూపడం. "మందులు సరిగ్గా వాడితే కొత్త ఫోన్ కొనిస్తా" అనడం.

నాలుగోది బెదిరించడం. "మింగకపోతే అన్నం పెట్టను, ఆసుపత్రిలో పారేస్తా" అనడం.

ఐదోది చట్టం ద్వారానో, చట్టంతో పని లేకుండానో బలవంతంగా చేర్చడం, సూది వేయడం, కట్టేయడం.

ఆశ చూపడానికీ బెదిరించడానికీ తేడా ఎక్కడ? ఒక గుర్తు చెప్పుకోవచ్చు. మాట వినకపోతే ఆ మనిషి ఇప్పుడున్న స్థితి కన్నా, తనకు హక్కుగా రావలసిన దాని కన్నా కిందికి పడిపోతే అది బెదిరింపు. కొత్త ఫోన్ ఇస్తానన్నది ఆశ. "మందు మింగకపోతే నీ పెన్షన్ డబ్బు ఇవ్వను" అన్నది బెదిరింపు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ నెలకు 6,000 రూపాయలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక జబ్బును కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది కాబట్టి, సదరం సర్టిఫికెట్ ఉన్నవారికి ఆ పెన్షన్ రావచ్చు. ఆ డబ్బు ఆ మనిషి పేరు మీద వచ్చే హక్కు. ఇంట్లోవాళ్లు గానీ మరొకరు గానీ దాన్ని పగ్గంగా వాడకూడదు.

ఇలాంటి పగ్గాలు మన దగ్గరే ఉన్నాయనుకోవద్దు. అమెరికాలోని ఐదు నగరాల్లో ప్రభుత్వ మానసిక వైద్యం తీసుకుంటున్నవారితో మాట్లాడి 2005లో జాన్ మోనహన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఇల్లు, డబ్బు, కోర్టు కేసు, కోర్టు ఆదేశం వంటి వాటిలో కనీసం ఒకదాన్ని చూపి తమను వైద్యానికి ఒప్పించారని నగరాన్నిబట్టి 44 నుంచి 59 శాతం మంది చెప్పారు. ఇల్లూ డబ్బూ ఎదుటివాళ్ల చేతిలో ఉన్నవాళ్ల మీదే ఇలాంటి పగ్గాలు పనిచేస్తాయి. ఆ మాట మన వాడల్లో కొత్తగా చెప్పక్కర్లేదు.

అన్నంలో కలిపి పెట్టడం ఈ మెట్లలో వేటికీ సరిగ్గా అమరదు. చూడటానికి అందులో గొడవ లేదు, అరుపు లేదు. కానీ ఆ మనిషికి కాదనే వీలు కాదు కదా, తెలుసుకునే వీలు కూడా లేదు. మన దేశంలో కుటుంబాలు ఈ పని చేస్తున్నాయని చెన్నై పరిశోధకులు 2002లోనే రాశారు. దీనితో వచ్చే చిక్కు ఏమిటంటే, నా తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారనే అనుమానం కొన్ని జబ్బుల్లో ఒక లక్షణం. నిజంగానే కలిపితే, ఆ సంగతి బయటపడిన రోజున అనుమానం రుజువైపోతుంది. ఆ తర్వాత తల్లి చేతి అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. మందు గురించి తెలియని మనిషి అది పడకపోతే చెప్పుకోలేడు కూడా.

మన మూడు ఊళ్లలో ఇది ఎలా ఉంటుంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు-గుంతకల్లు రైలు మార్గంలో ఉన్న ఊళ్లు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. అంతకు ముందు అనంతపురం జిల్లా. మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కానీ జబ్బు ముదిరితే జనం చూసేది రైలు వైపే. ఒకవైపు అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ఇంకోవైపు బెంగళూరు నిమ్‌హాన్స్. హిందూపురం వాళ్లకు బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు. ఎర్రగడ్డ ఆసుపత్రి తెలంగాణకు వెళ్లిపోయాక రాష్ట్రానికి మిగిలిన పాత మానసిక వైద్యశాల విశాఖపట్నంలో, అంటే మనకు రాష్ట్రం ఆ చివర ఉంది.

ఈ దూరమే ఒత్తిడిని పెంచుతుంది. ధర్మవరంలో మగ్గం కూలి చేసుకునే ఒక ఇంటిని ఊహించుకుందాం. నెలకోసారి ఇద్దరు మనుషులు బెంగళూరు వెళ్లి రావాలి. ఇద్దరి కూలి పోతుంది, చార్జీలు, తిండి అదనం. అక్కడ తెచ్చిన మందు అయిపోయే సమయానికి చేతిలో డబ్బు ఉండదు. మాత్రలు రెండు రోజులకు ఒకటి చొప్పున సర్దుతారు. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు అందరూ అనేమాట: "వాడు మందు మింగడం మానేశాడు." నిజానికి మందే ఆ ఇంటికి చేరడం మానేసింది. తప్పు మాత్రం జబ్బుపడిన మనిషి మొండితనం మీదికి వెళ్తుంది.

పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం చుట్టుపక్కల కూడా ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఇలాంటి చోట్ల కాంట్రాక్టు కూలీగా ఉన్న మనిషికి ఇంకో భయం. జబ్బు సంగతి తెలిస్తే పని పోతుందేమోనని పగలు మాత్ర మింగడు, మత్తు వస్తుందని రాత్రి షిఫ్టు ముందూ మింగడు. అతడి చేత బలవంతంగా మింగించడం కన్నా, మత్తు తక్కువగా ఉండేలా మందునో, వేసుకునే వేళనో మార్చమని డాక్టర్‌ను అడగడమే పనికొచ్చే మార్గం.

దేశం మొత్తం మీద చూస్తే వైద్యం అందనివాళ్లే ఎక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గానీ తెలంగాణ గానీ లేవు. అంటే మన వాడలకు రెండు దెబ్బలు. అడిగినప్పుడు వైద్యం ఉండదు, వద్దన్నప్పుడు బలవంతం ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చూడకపోతే విషయం సగమే అర్థమవుతుంది.

కోలుకోవడం అంటే ఏమిటి?

డాక్టర్ కాగితంలో కోలుకోవడమంటే లక్షణాలు తగ్గడం. ఇంట్లోవాళ్లకు గొడవ తగ్గడం. జబ్బుతో బతికినవాళ్లను అడిగితే వేరే జాబితా వస్తుంది. 2011లో మేరీ లీమీ బృందం ఇలాంటి అనుభవాలపై వచ్చిన అధ్యయనాలను వడపోసి ఐదు అంశాలు తేల్చింది: నలుగురితో కలిసి ఉండటం, రేపటి మీద ఆశ, జబ్బు పేరుతో కాక తన పేరుతో గుర్తింపు, బతుకుకు అర్థం, తన విషయాల్లో తనకు అధికారం.

ఈ జాబితాను దళితవాడలో నిలబడి చదివితే ఇంకోలా వినిపిస్తుంది. కలిసి ఉండటం, గుర్తింపు, అధికారం. జబ్బు లేని రోజుల్లో కూడా కులం మన నుంచి లాక్కున్నవి ఇవే. కాబట్టి మన మనిషి కోలుకోవడమంటే జబ్బుకు ముందున్న స్థితికి వెళ్లడం ఒక్కటే సరిపోదు. అక్కడ కూడా అవమానమే ఉంటే, ఆ స్థితికి చేరినా పూర్తిగా కోలుకున్నట్టు కాదు.

బలవంతం పనిచేస్తుందా?

ఇంగ్లండ్‌లో 2008 నుంచి ఒక పద్ధతి ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు "షరతుల ప్రకారం వైద్యం తీసుకోకపోతే మళ్లీ వెనక్కి తెస్తాం" అనే ఆదేశం ఇస్తారు. ఇది నిజంగా పనిచేస్తుందా అని టామ్ బర్న్స్ బృందం 336 మందితో పరీక్షించి, 2013లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఆదేశం ఉన్న గుంపులో ఏడాదిలోపు 36 శాతం మంది మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఆదేశం లేని గుంపులోనూ 36 శాతమే. అంటే అంతమంది స్వేచ్ఛను తగ్గించినందుకు, ఆసుపత్రిలో మళ్లీ చేరే విషయంలో లాభం కనిపించలేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. బలవంతంగా చేర్చినవాళ్లందరూ జీవితాంతం దాన్ని తప్పుపడతారని కాదు. ఇంగ్లండ్‌లోనే స్టెఫాన్ ప్రీబ్ బృందం ఏడాది తర్వాత అడిగితే, తమను చేర్చడం సరైనదేనని 40 శాతం మంది అన్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. కానీ ఏడాది గడిచినా మిగిలిన వాళ్లు అలా అనలేకపోయారన్నదీ అదే లెక్కలో ఉంది. "తర్వాత థాంక్స్ చెబుతాడులే" అన్న ధీమాతో ఎవరి చేతులూ కట్టకూడదు.

మరి ఏది తేడా తెస్తుంది? 1990ల్లో అమెరికాలో జరిగిన మెకార్థర్ అధ్యయనాలు ఒక విషయం చూపించాయి. తన మాట విన్నారు, నిజం చెప్పారు, మర్యాదగా చూశారు అనిపించినప్పుడు, చట్టప్రకారం బలవంతంగా చేర్చినవాళ్లకు కూడా బలవంతం చేశారన్న భావన తక్కువగా ఉంది. బెదిరింపులు ఎదుర్కొన్నవాళ్లలో, తమ ఇష్టంతోనే చేరినట్టు కాగితంలో ఉన్నా, ఆ భావన ఎక్కువగా ఉంది.

మన దేశం నుంచి కూడా ఒక ఆధారం ఉంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో స్కిజోఫ్రేనియా ఉన్న 282 మందితో జరిగిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. కొందరికి ఆసుపత్రి వైద్యం మాత్రమే అందింది. మిగిలినవాళ్లకు దానితోపాటు, శిక్షణ పొందిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి మాట్లాడటం, మందుల సాధకబాధకాలు వినడం, పని, సంక్షేమ పథకాల విషయంలో సాయపడటం జరిగింది. రెండో గుంపులో లక్షణాలు, వైకల్యం కొంత ఎక్కువగా తగ్గాయి. అద్భుతమేమీ కాదు, కానీ నిజమైన మెరుగు. ఇంటికి వచ్చి వినే మనిషి ఉండటం కూడా వైద్యంలో భాగమేనని దీన్నుంచి మనం నేర్చుకోవచ్చు.

కులం ఎక్కడ దూరుతుంది?

డాక్టర్ సుధాకర్ పేరు ఈ పాఠకులకు కొత్త కాదు. అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు వైద్యుడు, దళితుడు. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో మాస్కులు, రక్షణ సామగ్రి చాలడం లేదని బహిరంగంగా అన్నారు. సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖ రోడ్డు మీద ఒంటిపై చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి ఉన్న ఆయన వీడియోను రాష్ట్రమంతా చూసింది. మద్యం మత్తులో గొడవ చేశారన్నది పోలీసుల వాదన. ఆ రోజే ఆయన్ను ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. మే 22న హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. తన వైద్యంపై ఆయన లోపలి నుంచే అనుమానాలు వ్యక్తం చేశారు. తల్లి హేబియస్ కార్పస్ వేశారు. జూన్‌లో హైకోర్టు జోక్యంతోనే బయటికి రాగలిగారు. 2021 మే 21న గుండెపోటుతో మరణించారు.

ఆయనకు జబ్బు ఉందా లేదా అన్నది తేల్చడం మా పని కాదు. ఒకవేళ ఉందనుకున్నా, జబ్బున్న మనిషిని రోడ్డు మీద చేతులు కట్టి పడేయమని ఏ చట్టమూ చెప్పదు. ప్రశ్నించిన దళితుడికి "పిచ్చి" అని పేరు పెట్టడం ఎంత సులువో ఆ వీడియో చూపించింది. ఒక డాక్టర్‌కే ఇలా జరిగితే, పెనుకొండ దగ్గరి పల్లెలో భూమి గురించో, శ్మశానం దారి గురించో నిలదీసిన కూలీని "వానికి మతి చెడింది, ఆసుపత్రిలో వేయండి" అంటే అడిగేదెవరు? అందుకే బలవంతపు వైద్యాన్ని మనం ఆరోగ్య విషయంగా మాత్రమే కాక హక్కుల విషయంగా కూడా చూడాలి.

చట్టం ఏం చెబుతోంది?

2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో మన పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి.

సెక్షన్ 3: సామాజిక, ఆర్థిక, రాజకీయ హోదాను బట్టి గానీ, ఊరి కట్టుబాట్లకు లొంగలేదని గానీ ఎవరికీ మానసిక జబ్బు ఉందని నిర్ణయించకూడదు.

సెక్షన్ 4: ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకు తప్పుగా అనిపించినంత మాత్రాన, నిర్ణయించుకునే సామర్థ్యం ఆ మనిషికి లేదనకూడదు.

సెక్షన్ 5, 14: బాగున్నప్పుడే "నాకు జబ్బు తిరగబెడితే ఈ వైద్యం చేయండి, ఇది వద్దు, నా తరఫున ఫలానా వాళ్లు మాట్లాడతారు" అని రాసిపెట్టుకోవచ్చు. ప్రతినిధి నాన్నో అన్నో కానవసరం లేదు. నమ్మకమైన స్నేహితురాలైనా, మేనత్త అయినా కావచ్చు.

సెక్షన్ 18: కుల వివక్ష లేకుండా వైద్యం పొందడం హక్కు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ వైద్యం ఉచితం. చట్టం చెప్పిన కనీస సేవలు జిల్లాలో లేకపోతే, జిల్లాలోనే వేరేచోట తీసుకున్న వైద్యానికి ప్రభుత్వం ఖర్చు తిరిగి ఇవ్వాలి.

సెక్షన్ 89: ఇష్టం లేకుండా చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. తనకు గానీ ఇతరులకు గానీ హాని, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి. గడువు 30 రోజులు. సమీక్షా బోర్డుకు మహిళలు, మైనర్ల విషయంలో 3 రోజుల్లో, ఇతరుల విషయంలో 7 రోజుల్లో తెలపాలి. చేర్చినంత మాత్రాన ఆ మనిషి సమ్మతికి విలువ పోదు.

సెక్షన్ 95: గొలుసులతో కట్టడం నిషేధం. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ ఇవ్వడం నిషేధం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మరణించారు. ఆ చావులను మరిచిపోకూడదు.

సెక్షన్ 100: పోలీసులు ఎవరినైనా రక్షణలోకి తీసుకుంటే 24 గంటల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు.

చేర్చడాన్ని సవాలు చేస్తూ సమీక్షా బోర్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు లేదు. ఉచిత న్యాయ సహాయం సెక్షన్ 27 ఇచ్చిన హక్కు. న్యాయ సేవల నంబరు 15100.

ఇంట్లో మనం ఏం చేయవచ్చు?

మొదట, "ఎందుకు మింగవు?" అని కోప్పడకుండా "మింగితే ఏమవుతోంది?" అని అడగండి. చేతులు వణకడం, నోరెండటం, బరువు పెరగడం, రోజంతా మత్తు, సంసార జీవితంలో ఇబ్బంది: వీటిలో ఏదో ఒకటి ఉండవచ్చు. సిగ్గుతో చెప్పకపోవచ్చు. అది డాక్టర్‌కు తెలిస్తే మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు.

రెండు, మందు అయిపోకముందే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అదే మందు దొరుకుతుందా అని కనుక్కోండి. దొరకకపోతే రాతపూర్వకంగా అడగండి. సంఘం తరఫున పదిమంది కలిసి అడిగితే ఇంకా మంచిది.

మూడు, మనిషి నెమ్మదిగా ఉన్న రోజుల్లో కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మళ్లీ అలాంటి రోజు వస్తే ఎవరిని పిలవాలి, ఎవరు రాకూడదు, ఏ ఆసుపత్రి, ఏ మందు పడదు అన్నవి కాగితం మీద పెట్టండి.

నాలుగు, నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం వంటి తొలి గుర్తులు కనిపించినప్పుడే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉంటే 108.

ఐదు, చేర్చక తప్పకపోతే అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. "పెళ్లికి పోదాం రా" అని బండెక్కించి ఆసుపత్రిలో దించితే, ఆ తర్వాత ఏ పెళ్లికి పిలిచినా ఆ మనిషి రాడు. కష్టమైనా నిజం చెప్పండి. చేర్చాక ఏ సెక్షన్ కింద చేర్చారో అడిగి కాగితం తీసుకోండి. వారానికోసారైనా వెళ్లి పలకరించండి.

ఇక ఆ తల్లి ప్రశ్నకు మా జవాబు. అమ్మా, అన్నంలో కలపవద్దు. నీ తప్పని కాదు. నీ కొడుకుకు నీ చేతి అన్నం మీద ఉన్న నమ్మకం వాడికి మిగిలిన పెద్ద ఆస్తి, దాన్ని ఒక మాత్ర కోసం ఖర్చు పెట్టవద్దు. మాత్ర వాడి ముందే పెట్టు, అదేమిటో చెప్పు, ఎందుకు వద్దంటున్నాడో విను. ఆ మాట పట్టుకుని డాక్టర్ దగ్గరకు పో. అక్కడ నీ మాట వినకపోతే ఒంటరిగా వెనక్కి రావద్దు, వాడలో నలుగురిని వెంటబెట్టుకుని మళ్లీ పో. నీ ఒక్కదాని భుజం మీద ఇంత బరువు పడటానికి కారణం నీ కొడుకు మొండితనం కాదు. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న వైద్యాన్ని మన ఊరికి తేకపోవడమే అసలు తప్పు. ఆ తప్పు ఎవరిదో వాళ్లను అడగడం కూడా నీ బిడ్డ కోలుకోవడంలో భాగమే.